మగ్గము విడువక యం.ఏ.

పావగడ తాలూకా వై.యన్. హొసకోటలో పట్టుచీరలు నేయు ఇంటివారము మేము. మగ్గము ఆగిన పూట గడవదు. కాలేజీకి పోవు వీలు లేక, 1985లో నెలకొన్న ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయములో యం.ఏ.కు చేరితిమి.

ఇంట తెలుగు, బడిలో కన్నడము, ఈ పుస్తకములు ఇంగ్లీషు. ఇంటి చదువు పడుగైతే, సెలవుదినపు తరగతులు, కంప్యూటరు పాఠములు పేక. రెండును కలిసిననే గుడ్డ. ఇంట వ్రాసి పంపు అభ్యాసములకు నూటికి 30, పరీక్షకు 70 పాళ్లు. రెండేండ్ల చదువును నాలుగేండ్లలోగా ముగింపవచ్చును.

పెండ్లిళ్ల కాలమున చీరల తొందరలో ఒక అభ్యాసము గడువు దాటినది. తప్పు మాదే. పరీక్ష నెగ్గియు ఆరు మాసములు ఆగవలసివచ్చెను. నాటినుండి గడువు తేదీని మగ్గము ఎదుటి గోడపై వ్రాసికొంటిమి. వేకువ గంటసేపు చదువునకే. ఆ వేళ కండెలు చుట్టు పని అమ్మ తనపై వేసికొన్నది. పట్టాలో సగము ఆమెదే.

చేనేత కుటుంబముల స్త్రీలకు, బీదలకు రుసుములో 75 పాళ్లు ప్రభుత్వము భరించునట్లు 2016లో కేంద్ర జౌళిశాఖ ఈ విశ్వవిద్యాలయముతో ఒప్పందము చేసికొన్నది. ఇప్పటి నిబంధనలు విచారించి చేరుడు. సోదరులారా, మీ ఇంటి ఆడపిల్లకును ఆ గంట మిగుల్చుడు.