ఒట్టేసి వదిలేసే మాట... అబ్జూర్!

కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైన కాయో, పండో అక్కడ వదిలేసి రావడం మనకు తెలిసిందే. ఆ తర్వాత ఎవరైనా మామిడిపండు కోసి పెడితే 'కాశీలో వదిలేశానమ్మా' అంటారు పెద్దవాళ్లు. ఇక ఎవరూ బలవంతం చేయరు. మామూలుగా మానేయడం వేరు, మాటిచ్చి మానేయడం వేరు మరి!

ఆ రెండో రకానికి ఇంగ్లిషులో ఓ క్రియాపదం ఉంది... అదే 'అబ్జూర్'. రోజువారీ కబుర్లలో ఇది దాదాపు వినిపించదు. కానీ, అమెరికా పౌరసత్వం తీసుకునే మన పిల్లలు మాత్రం అధికారి ఎదుట కుడిచేయి పైకెత్తి దీన్ని పలకాల్సిందే.

పుట్టిల్లు లాటిన్

లాటిన్‌లో 'జురారే' అంటే ఒట్టు వేయడం. 'అబ్' అంటే దూరంగా. రెండూ కలిస్తే, ఒట్టేసి దూరం చేసుకోవడం. ప్రమాణం చేసి తీర్పు చెప్పే 'జ్యూరీ', తప్పుడు ప్రమాణానికి వాడే 'పెర్జురీ'... ఇవన్నీ ఈ కుటుంబంలోవే. 'అడ్జూర్' అని మరో తోబుట్టువూ ఉంది. ఒక్క అక్షరమే తేడా. దాని అర్థం మాత్రం వేరు: ఒట్టు పెట్టినంత గట్టిగా ఎదుటివారిని కోరడం.

ఇంగ్లిషులో వదులుకోవడానికి చాలా మాటలున్నాయి. రాజు గద్దె దిగితే 'అబ్డికేట్'. 1936లో బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ చేసిందదే. హక్కునో, ఆస్తినో వదిలేస్తే 'రెలింక్విష్'. నాకొద్దని బహిరంగంగా చెబితే 'రినౌన్స్'. ఒక నమ్మకాన్నో, విధేయతనో ప్రమాణం చేసి మరీ తోసిపుచ్చితే 'అబ్జూర్'. హింసనో, మద్యాన్నో శాశ్వతంగా విడిచిపెట్టడానికీ వాడతారు. ఇవాళ్టికి కాఫీ మానేశానని చెప్పడానికి మాత్రం పనికిరాదు!

మోకాళ్ల మీద గెలీలియో

ఈ మాట వెనక బలవంతం కూడా ఉంది. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందన్న వాదాన్ని సమర్థించినందుకు గెలీలియోను చర్చి విచారించింది. 1633 జూన్ 22న రోమ్‌లో 69 ఏళ్ల ఆ శాస్త్రవేత్త మోకాళ్ల మీద నిలబడి, ఆ అభిప్రాయాన్ని విడిచిపెడుతున్నానని ప్రమాణం చేశాడు. ఇంగ్లిషు పుస్తకాల్లో ఆ ఘట్టానికి వాడే మాట ఇదే. ప్రాణం దక్కింది కానీ, 1642లో చనిపోయేదాకా గృహనిర్బంధం తప్పలేదు. ఆ ఒట్టుతో భూమేమీ ఆగలేదు. ఆయన విషయంలో పొరపాటు జరిగిందని 1992లో రెండో జాన్‌పాల్ పోప్ ఒప్పుకున్నారు.

మధ్యయుగాల ఇంగ్లండులో మరో తంతు ఉండేది. నేరం చేసినవాడు చర్చిలోకి పరుగెత్తితే 40 రోజులు రక్షణ. ఆలోగా కరోనర్ అనే అధికారి ఎదుట నేరం ఒప్పుకొని, దేశాన్నే వదిలేస్తానని ప్రమాణం చేస్తే ప్రాణం దక్కేది. ఆస్తి పోయేది. చేతిలో శిలువ పట్టుకుని, చెప్పిన రేవుకి రాజమార్గం తప్పకుండా నడవాలి. రాజు అనుమతి లేకుండా తిరిగొస్తే మరణమే.

ప్రమాణంలో జంట పదాలు

అమెరికా తన చట్టంలో 'రినౌన్స్', 'అబ్జూర్' అనే రెండు మాటల్నీ పక్కపక్కనే చేర్చింది 1795లో. ఇతర రాజులకు, రాజ్యాలకు ఉన్న విధేయతను పూర్తిగా వదులుకుంటున్నానని చెప్పించడం దాని ఉద్దేశం. ఇప్పటికీ ప్రమాణంలో ఆ జంట అలాగే ఉంది. బ్రిటన్, కెనడా ప్రమాణాల్లో ఇలాంటి మాటే లేదు.

అలాగని అక్కడివాళ్ల భారత పౌరసత్వం నిలుస్తుందనుకుంటే పొరపాటే! మన చట్టం నోటిమాట కోసం చూడదు. 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణమే ఇక్కడిది రద్దవుతుంది. పాత పాస్‌పోర్టును అప్పగించాల్సిందే. 2022లో 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

పోయేదేంటి... ఉండేదేంటి?

అలాంటివారి కోసం వచ్చిందే ఓసీఐ కార్డు. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే దానికి శ్రీకారం చుట్టారు. కార్డుంటే వీసా లేకుండా ఎప్పుడైనా రావచ్చు. ఓటు వేయడానికి మాత్రం వీల్లేదు. పొలం కొనలేరు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు.

'దేశాన్నే కాదనుకున్నాడా?' అని ఇక్కడ అమ్మానాన్నలు నొచ్చుకోవడం, అక్కడ పిల్లలు సర్దిచెప్పలేక సతమతమవడం చాలా ఇళ్లలో ఉన్నదే. అప్పుడు కాస్త వ్యాకరణం పనికొస్తుంది. 'అబ్జూర్' అన్న క్రియ పక్కన ఏ మాట ఉందో చూడాలి. ఆ ప్రమాణంలో ఉన్నది రాజ్యానికి చూపాల్సిన విధేయత. అది చిన్న విషయం కాదు, ఓటూ పాస్‌పోర్టూ దాంతోనే పోతాయి. అయితే వదులుకునే ఆ జాబితాలో ఊరి పేరు లేదు, ఇంటిపేరు లేదు. ఆదివారం అమ్మకు ఫోన్ చేసి మాట్లాడే భాష అంతకన్నా లేదు!