డబ్బా పలికితేనే పైసలు పడ్డట్టు

బిడ్డా, కాజీపేట స్టేషన్ ముందర చాయ్ బండి పెట్టుకున్నవు, సంతోషం. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ లైన్లు కలిసే జంక్షన్ ఇది. రైలు ఆగిందంటే పదిమంది ఒక్కసారే మీద పడతారు. మోసగాడికి కావలసింది కూడా ఆ రద్దీయే. అందుకే నీ బండికి అంటించిన స్కానర్ సంగతి కాస్త చెబుతాను, విను.

ఆ నలుపు తెలుపు గళ్ల చదరం 1994లో జపాన్‌లో పుట్టింది. డెన్సో కంపెనీలో మసహిరో హారా అనే ఇంజనీరు, ఆయన తోటివాళ్లు కార్ల విడిభాగాల లెక్క చూసుకోవడానికి తయారుచేశారు. మూడు మూలల్లో పెద్ద చదరాలున్నాయి చూడు, వాటిని బట్టే కెమెరా ఆ బొమ్మ ఎటు తిరిగి ఉందో పోల్చుకుంటుంది. తలకిందులుగా అంటించినా చదివేది అందుకే. ఇంకో విశేషం ఉంది. అసలు సమాచారంతో పాటు కొన్ని అదనపు లెక్కలు కూడా అందులో పేరుస్తారు. కొన్ని రకాల్లో దాదాపు 30 శాతం చెడిపోయినా, మిగిలినదాన్ని బట్టి పోయినదాన్ని రాబట్టుకోవచ్చు. చాయ్ మరకలు పడ్డా నీ స్టిక్కర్ పనిచేస్తున్నదంటే ఆ లెక్కల పుణ్యమే.

ఇంతా చేసి అందులో ముఖ్యంగా ఉండేది నీ యూపీఐ ఐడీ, నీ పేరు. ఎవడైనా తన ఐడీతో అలాంటిదే అచ్చు వేయించి, రాత్రికి రాత్రి నీదాని మీద అంటించి పోవచ్చు. పొద్దున పొయ్యి ముట్టించే ముందు స్టిక్కర్ అంచును గోటితో గీరి చూడు. ఇంట్లోవాళ్ల ఫోన్‌తో ఒక్క రూపాయి కొట్టి, నీ పేరే వస్తున్నదా చూసుకో.

ఇక పైసలు పడగానే పలికే ఆ డబ్బా సంగతి. అందులో దానికంటూ ఒక సిమ్ ఉంటుంది. పైసలు జమయ్యాయని కంపెనీ సర్వర్ నుంచి కబురు అందితేనే అది నోరు విప్పుతుంది. గిరాకీ ఫోన్‌తో దానికి సంబంధమే లేదు. గిరాకీ చూపించే పచ్చ టిక్కు గుర్తు మాత్రం దొంగ యాప్‌తో క్షణంలో తయారవుతుంది. ఒంటి లైను రోజుల్లో రైల్వే డ్రైవరు ఎవరెంత చెప్పినా బండి కదిలించేవాడు కాదు. అవతలి స్టేషన్ ఒప్పుకుంటేనే మిషన్లోంచి బయటికొచ్చే టోకెన్ గుండు చేతికి అందాలి, అప్పుడే కదిలేవాడు. నువ్వూ అట్లనే ఉండు. డబ్బా పలకకపోతే నీ ఫోన్లో యాప్ తెరిచి జమ చూసుకో. మెసేజ్‌ను కూడా నమ్మకు, అదీ దొంగది పంపుతారు. సర్వర్ సతాయిస్తున్నదనుకుంటే గిరాకీని మర్యాదగా ఒక నిమిషం ఆగమను.

పెద్ద ఆర్డర్ పేరుతో ఫోన్ వస్తే మరింత జాగ్రత్త. ఆర్మీవాళ్లమనీ, క్యాంపుకు వంద టిఫిన్లు కావాలనీ చెప్పి, అడ్వాన్స్ పంపుతామంటూ ఒక స్కానర్ పంపిస్తారు. దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే నీ ఖాతాలోంచే పోతాయి. పైసలు రావడానికి పిన్ ఎన్నడూ అక్కర్లేదు బిడ్డా. పంపడానికీ, బ్యాలెన్స్ చూసుకోవడానికే అది. ఈ ఒక్కటి ఇంట్లో అమ్మకు కూడా చెప్పు, నా మాటగా చెప్పు.

వాట్సాప్‌లో పెండ్లి పత్రిక అనో, బండి చలాన్ అనో ఏపీకే ఫైలు వస్తే వేసుకోకు. అది యాప్. మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చావంటే ఓటీపీలన్నీ మోసగాడి చేతికి పోతాయి.

ఇన్ని చేసినా పైసలు పోతే సిగ్గుపడి దాచుకోకు, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చెయ్. దొంగలు ఆ సొమ్మును నిమిషాల్లో ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి తోసేస్తారు. ఎక్కడైనా ఇంకా ఉండగానే కబురందితే బ్యాంకు దాన్ని అక్కడే ఆపగలుగుతుంది. ఫోన్ చేసేటప్పుడు యాప్‌లో లావాదేవీ కింద కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబర్ దగ్గర పెట్టుకో. ముందుగా అడిగేవాటిలో అదొకటి.