లారీ ఇంజిన్‌కి బోరు నీళ్లు తాగిస్తున్నారా?

మొన్న వేసవిలో నాన్న ఆత్మకూరులో వడ్లు ఎత్తుకుని ఉదయగిరి వస్తుంటే లారీ దారిలోనే ఆగిపోయింది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ. గేజు కడ్డీ తీసి చూస్తే ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంది.

"హెడ్ గాస్కెట్ పోయిందన్నా" అన్నాడు మెకానిక్. రిపేరుకి నా నెల జీతం సరిపోలేదు.

కారణం? ఏళ్ల తరబడి రేడియేటర్లో పోసిన బోరు నీళ్లు. మా ఉదయగిరి వైపు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అదే పొర రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. వేడి బయటికి పోదు. హెడ్ బెండ్ అవుతుంది, గాస్కెట్ పోతుంది, నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. లక్షల కిలోమీటర్లు తిరగాల్సిన ఇంజిన్ మధ్యలోనే బోర్‌కొస్తుంది.

మందు చిన్నదే. లారీ కంపెనీ చెప్పిన కూలెంట్, కలపాలంటే డిస్టిల్డ్ వాటర్. ముల్లు లేస్తే వెంటనే పక్కకి ఆపండి. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తిప్పొద్దు, మొహం కాలుతుంది.

"ఇదంతా నీకు ముందే తెలుసా నాయనా?" అనడిగాడు నాన్న.

తెలుసు. బీటెక్ ఫస్టియర్ కెమిస్ట్రీలో హార్డ్ వాటర్ గురించి రాసే పాసయ్యా. ఇంటికి ఫోన్ చేసి చెప్పలేదంతే.