కడుపులో ఉన్నప్పుడు పడ్డ పస్తులు

1987లో హైదరాబాద్ చుట్టుపక్కల, అప్పటి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో, గర్భిణులకూ బాలింతలకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ రోజూ వండిపెట్టే ఉప్మా మీద ఒక పరిశోధన మొదలైంది. మొక్కజొన్న, సోయా కలిపిన మిశ్రమంతో, సోయా నూనెతో చేసిన ఉప్మా అది. తల్లి వాటాలో సుమారు 500 కిలోకేలరీల శక్తి, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు ఉండేవి. పిల్లల వాటాలో 300 కిలోకేలరీలు, 8 నుంచి 10 గ్రాముల మాంసకృత్తులు. ఉప్మాతోపాటు టీకాలు, గర్భిణుల రక్తహీనత నివారణ వంటి సేవలూ అందేవి. పదిహేనేళ్ళ తర్వాత చూస్తే, ఆ ఉప్మా అందిన ఊళ్ళలో పుట్టిన పిల్లల రక్తనాళాలు అది అందని ఊళ్ళ పిల్లల రక్తనాళాల కంటే మెత్తగా ఉన్నాయి. తిండి చాలకపోవడానికీ, పేదలకు జబ్బులు ఎక్కువ రావడానికీ మధ్య ఉన్న బంధాన్ని మన నేల మీదే ఇంత ఓపిగ్గా పట్టి చూపిన పరిశోధనలు అరుదు.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అంటే మన అంగన్‌వాడీల పథకం, 1975 అక్టోబర్ 2న మొదలైంది. అయితే అది దేశమంతటికీ ఒకేసారి రాలేదు, విడతలవారీగా విస్తరించింది. దాంతో ఒక పక్క అంగన్‌వాడీ భోజనం అందుతున్న ఊళ్ళూ, ఆ పక్కనే పథకం ఇంకా చేరని ఊళ్ళూ ఉండేవి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఈ తేడానే ఆధారం చేసుకున్నారు. భోజనం అందే 15 ఊళ్ళు, అందని 14 ఊళ్ళు తీసుకుని 1987 నుంచి 1990 వరకు పుట్టిన పిల్లలను పరిశీలించారు. ప్రయోగం కోసం ఎవరి నోటి దగ్గర కూడూ లాగలేదు. ప్రభుత్వం ఇంకా చేరని చోటును చేరిన చోటుతో పోల్చి చూశారు, అంతే. తిండి మీద పరిశోధన చేసేవాళ్ళు తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సిన పద్ధతి ఇది.

అప్పట్లో కనబడిన ఫలితం చిన్నది. ఉప్మా అందిన ఊళ్ళలో పుట్టిన బిడ్డల బరువు సగటున 61 గ్రాములు ఎక్కువ, అంటే ఒక కోడిగుడ్డంత. లెక్క అక్కడితో ఆపేసి ఉంటే ఆ పథకం వల్ల పెద్దగా ఒరిగింది లేదనే అనుకునేవాళ్ళం.

కానీ ఆపలేదు. 2003-05 మధ్య పరిశోధకుడు సంజయ్ కిన్రా, జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, బ్రిటన్ పరిశోధకులు కలిసి ఆ పిల్లలను మళ్ళీ వెతికి పట్టుకున్నారు. అప్పటికి వాళ్ళు 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళు. 1,165 మందిని పరీక్షించి, ఫలితాలను 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అంతకంటే ముఖ్యమైనవి ఒంటి లోపలి తేడాలు. పరగడుపున రక్తంలో ఉన్న చక్కెర, ఇన్సులిన్ కలిపి కట్టే లెక్కలో వాళ్ళ ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ. ఇన్సులిన్ మాట ఒళ్ళు వినకపోవడాన్నే నిరోధకత అంటారు; షుగరు జబ్బుకు అది తొలిమెట్టు.

రక్తనాళాల మెత్తదనాన్ని కొలిచిన తీరు చూడండి. మణికట్టు దగ్గర, నాడి కొట్టుకునే చోట, కలంలాంటి సాధనాన్ని ఆనించి పెడతారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తంతోపాటు ఒత్తిడి అల ఒకటి బయల్దేరి, ధమనుల చివరలకు తగిలి వెనక్కి వస్తుంది. ధమని సాగే గుణంతో ఉంటే ఆ అల నిదానంగా, గుండె సేదతీరే వేళకు తిరిగొస్తుంది. గట్టిపడి ఉంటే ముందే వచ్చి, ఇంకా రక్తాన్ని తోస్తున్న గుండె మీద అదనపు భారం మోపుతుంది. ఈ భారాన్ని తెలిపే సూచిక ఉప్మా ఊళ్ళ పిల్లల్లో 3.3 శాతం తక్కువగా ఉంది. మీసాలు కూడా సరిగా రాని వయసులో, ఎవరికీ ఏ జబ్బూ కనబడని దశలో బయటపడ్డ తేడా ఇది.

రక్తపోటులో, కొవ్వుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఏ ఊరికి ఉప్మా అన్నది చీటీ తీసి నిర్ణయించింది కాదు కనుక, ఊరికీ ఊరికీ ఉండే ఇతర తేడాల ప్రభావమూ కొంత కలిసి ఉండొచ్చు. అయినా ఈ ఫలితాన్ని నమ్మడానికి శరీరధర్మంలోనే బలమైన ఆధారముంది. తల్లి నుంచి వచ్చే ఆహారం చాలనప్పుడు గర్భంలోని శిశువు ఉన్నదాన్ని ముందు మెదడుకు పంపుతుంది. కండరాలకూ, క్లోమానికీ, మూత్రపిండాలకూ కోత పడుతుంది. మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు పుట్టేనాటికే ఏర్పడిపోతాయి, తర్వాత కొత్తవి రావు. ధమనులకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ కూడా ఎక్కువగా చివరి నెలల్లో, పసితనంలో పేరుకునేదే. ఆ కాస్త గడువు దాటాక ఎంత మంచి తిండి పెట్టినా ఆ లోటు పూర్తిగా పూడదు. బ్రిటన్‌లో డేవిడ్ బార్కర్ అనే పరిశోధకుడు 1980ల చివరి నుంచి, పాత జనన రిజిస్టర్లలోని బరువులను పెద్దయ్యాక వచ్చిన గుండెజబ్బు మరణాలతో పోల్చి చెబుతూ వచ్చింది ఇదే. పుణె దగ్గరి పల్లెల్లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం మరో సంగతి చూపింది. అక్కడి బిడ్డలు సగటున 2.7 కిలోలే పుట్టారు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలు 3.5 కిలోలు. కానీ మన బిడ్డల్లో తగ్గింది ప్రధానంగా కండే. కొవ్వు అంతగా తగ్గలేదు. బక్కగా కనబడే ఒంట్లో షుగరు జబ్బుకు కావలసిన సరంజామా పుట్టుకతోనే ఉందన్నమాట.

ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరికి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉందని, లేదా మందులు వాడుతున్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. నలభై ఏళ్ళకే షుగరు, బీపీ వచ్చిన కూలీని చూసి, అన్నం తగ్గించుకోవయ్యా, నడవవయ్యా అని సలహా చెప్పడం సులువు. పొద్దస్తమానం ఎండలో పనిచేసేవాడికి నడక గురించి చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అతని తల్లి అతన్ని మోస్తూ నాట్లు వేసిన నెలల్లో ఆమె కంచంలో ఏముందో ఏ వైద్యుడూ అడగడు. జబ్బులో మనిషి అలవాట్ల పాత్ర లేదని కాదు. ఒకరికి నిండుగా, మరొకరికి కోతతో మొదలైన శరీరాలకు ఒకే సలహా చెప్పి, ఫలితం రాకపోతే తప్పు మనిషి మీద వెయ్యడమే అన్యాయం.

మరి తిండి చాలడం లేదన్న సంగతిని ఎలా కొలవాలి? బియ్యం ఎన్ని కిలోలు వచ్చాయన్నది ఇంటి లెక్క. ఆ ఇంట్లో ఎవరు ఎంత తిన్నారో అది చెప్పదు. అందుకే పోషకాహార సర్వేలకు వెళ్ళేవాళ్ళు కొలత గిన్నెలు వెంట తీసుకెళ్ళి, నిన్న ఎవరి కంచంలో ఎన్ని గిన్నెల అన్నం, ఎన్ని గరిటెల పప్పు పడిందో విడివిడిగా రాస్తారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇంకో దారి చూపింది. ఎనిమిదే ప్రశ్నలు. డబ్బుల్లేక తిండికి ఎట్లా అని దిగులుపడ్డారా? రకరకాలవి తినాల్సింది ఒకటి రెండు రకాలతోనే సరిపెట్టుకున్నారా? పూట మానేశారా? ఆకలేసినా తినకుండా ఉన్నారా? రోజంతా పస్తున్నారా? ఇలా తేలిక నుంచి తీవ్రం వరకు సాగుతాయి. దిగులును కూడా లెక్కలోకి తీసుకోవడం నాకు ఎంతో సమంజసంగా అనిపిస్తుంది. రేపటి కూడు ఏమిటన్న బెంగ రోజూ ఉంటే నిద్రా ఉండదు, మందులకు డబ్బూ మిగలదు.

ఈ ప్రశ్నలు ఎవరిని అడుగుతామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఇంటి పెద్దను అడిగితే "మాకేం తక్కువండీ, తింటున్నాం" అంటాడు. అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చునే కోడలు అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడే తీరు వేరు.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"తిన్నానక్కా."

"ఏం తిన్నావో చెప్పు."

"రాత్రి అన్నంలో ఇంత మజ్జిగ పోసుకున్నా. కూర అయిపోయింది."

రెండోసారి అడిగితే గానీ ఈ జవాబు రాదు. అదే ఊళ్ళో పుట్టి పెరిగి, పేరు పెట్టి పిలిచే మనిషి అడిగితేనే వస్తుంది. సముదాయ ఆరోగ్య పరిశోధనలో ఆశా కార్యకర్తలనూ అంగన్‌వాడీ టీచర్లనూ వివరాలు నింపిపెట్టేవాళ్ళుగా కాక పరిశోధకులుగా కూర్చోబెట్టాలని నేననేది ఇందుకే.

బియ్యం విషయంలో మన ప్రభుత్వాలు చాలా చేశాయి. 1983లో ఎన్టీఆర్ తెచ్చిన రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలుకొని 2013 ఆహార భద్రతా చట్టం వరకు, కడుపు మాడ్చుకునే రోజులు బాగా తగ్గాయి. కంచంలో పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర మాత్రం అలా పెరగలేదు. 2019-21 సర్వేలో తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. వయసుకు తగ్గ ఎత్తు లేక గిడసబారిన పిల్లలు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. దేశం మొత్తం మీద నిరుపేద కుటుంబాల్లో ఇలాంటి పిల్లలు 46 శాతం ఉంటే, బాగా కలిగిన కుటుంబాల్లో 23 శాతం.

గర్భంలోని, పసితనంలోని ఆ గడువు దాటితే అంతా అయిపోయినట్టేనా అంటే, కాదు. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలను గమనిస్తూ వచ్చిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఊరటనిచ్చే సంగతి ఒకటి బయటపెట్టింది. పసితనంలో కరువు దెబ్బ తగిలిన పిల్లల ఎదుగుదలలో పడ్డ లోటును, తర్వాత బడిలో పెట్టిన మధ్యాహ్న భోజనం చాలావరకు పూడ్చిందని అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ ఆ వివరాలతోనే లెక్కగట్టారు. ఉప్మా ఊళ్ళ పిల్లల చదువు మీద తర్వాత జరిగిన విశ్లేషణలోనూ వాళ్ళు మిగతావాళ్ళ కంటే బడిలో ఎక్కువ తరగతులు చదివినట్టు తేలింది. కాబట్టి అంగన్‌వాడీ గుడ్డు, బడిలో పెట్టే అన్నం దయతో వేసే ముద్దలు కావు. షుగరు ఆసుపత్రికీ గుండె ఆసుపత్రికీ రేపు పెట్టబోయే ఖర్చును ఇవాళే తగ్గించే వైద్యం అవి.

అంగన్‌వాడీ సేవలను అందరికీ అందించాలని సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. వాటికి రేషన్ కార్డుతో పని లేదు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి గర్భిణి అయితే, మీ వీధిలో కట్టే భవనం దగ్గర వలస కూలీల గుడిసెలో ఒక బాలింత ఉంటే, దగ్గరి అంగన్‌వాడీలో ఆమె పేరు ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఈ వారంలోనే వెంట తీసుకెళ్ళి రాయించండి.