గొంతు క్యాన్సర్: మాంసకృత్తుల సాక్ష్యం

‘కత్తి తగిలితే పుండు పాకుతుంది’ అనే మాట మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. గొంతులో ఏదో పెరుగుదల ఉందనీ, అందులో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలనీ వైద్యుడు చెప్పగానే ఇంటి పెద్దలు వెనుకాడేది ఈ మాటను నమ్మే. ముక్క తీయించకుండా నాటు మందులతో, పథ్యాలతో రెండు మూడు నెలలు గడిపి, మెడ మీద గడ్డ తేలిన తరువాత మళ్ళీ ఆసుపత్రి మెట్లెక్కే కుటుంబాలు ఉన్నాయి. వ్యాధి పాకడానికి అసలు కారణమేమిటో గత నాలుగైదు దశాబ్దాల పరిశోధన చాలావరకు వెల్లడించింది. ఆ కారణం వైద్యుని కత్తిలో లేదు. కణం లోపల పనిచేసే మాంసకృత్తులలో ఉంది. ఈ సంగతి తెలిస్తే భయం తగ్గుతుంది, విలువైన కాలం వృథా కాదు.

మక్తబ్‌లో ఖాయిదా చదివిన ప్రతి బిడ్డకూ గొంతు నుండి పలికే ఆరు అక్షరాలు తెలుసు. తజ్వీద్ పండితులు కంఠాన్ని అడుగు, నడుమ, పైభాగం అని మూడుగా విభజించారు. వైద్యులూ గొంతును విభజించే చూస్తారు కానీ వారి హద్దులు వేరు. ముక్కు వెనుక భాగం, టాన్సిల్స్, నాలుక మొదలు ఉండే నడిమి భాగం, ఆహారనాళాన్ని కలిసే కింది భాగం - ఈ మూడింటినీ కలిపి గ్రసని అంటారు. దానికి ముందువైపు ఉండేది స్వరపేటిక; మన మాటను పలికించే స్వరతంత్రులు అందులోనే ఉంటాయి. వ్యాధి ఎక్కడ పుట్టిందనే దాన్నిబట్టి దాని లక్షణాలూ, వ్యాపించే తీరూ మారిపోతాయి.

ప్రతి కణంలోనూ వేలాది రకాల మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, ఎవరి పని వారు చేసే సేవకులవలె మెలుగుతాయి. కొన్ని కణాన్ని పెరగమంటాయి, కొన్ని ఆగమంటాయి, కొన్ని పక్క కణంతో కలిపి పట్టి ఉంచుతాయి. క్యాన్సర్ అంటే ఈ క్రమశిక్షణ చెడిపోవడమే. చెడిన ప్రోటీన్లలో కొన్నింటిని గుర్తించి వ్యాధి స్వభావాన్ని అంచనా వేయవచ్చు. వాటినే సూచికలు లేక మార్కర్లు అంటారు. బయాప్సీలో తీసిన ముక్కను పలుచని పొరలుగా కోసి, ఒక్కొక్క ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకొనే ప్రత్యేక పదార్థాలతో రంగు తేలేలా చేసి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. నివేదికలో ‘ఐహెచ్‌సీ’ అని కనిపించే పరీక్ష ఇదే.

వీటిలో మొదట చెప్పవలసినది పి53. దీన్ని 1979లో పలు పరిశోధక బృందాలు విడివిడిగా గుర్తించాయి. కణంలోని జన్యుపదార్థం దెబ్బతిన్నప్పుడు కణవిభజనను ఆపి, మరమ్మతుకు అవకాశమివ్వడం, మరమ్మతు సాధ్యం కాకపోతే ఆ కణాన్ని అంతం చేయడం దీని బాధ్యత. పొగాకు పొగలోని బెంజోపైరీన్ వంటి రసాయనాలు ఈ కావలివాని జన్యువునే గాయపరుస్తాయి. 2015లో ప్రచురితమైన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం తల, మెడ భాగాలకు చెందిన 279 క్యాన్సర్ కణితుల జన్యువులను పరిశీలించింది. వైరస్‌తో సంబంధం లేని కణితులలో అత్యధిక భాగంలో పి53 జన్యువు చెడిపోయి ఉంది. బీడీ, సిగరెట్, చుట్ట, హుక్కా పొగలో ఉన్న ప్రమాదం ఇది. జర్దా, గుట్కా, ఖైనీ పొగ లేనివైనా క్యాన్సర్‌కు దారితీసేవే. వీటికి మద్యం తోడైతే గొంతుకు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

కావలి లేని ఇంట్లో తరువాత జరిగేది అదుపు లేని పెరుగుదల. కణం ఉపరితలం మీద ఈజీఎఫ్‌ఆర్ అనే ప్రోటీన్ ఉంటుంది. పెరగమనే సందేశాన్ని బయటి నుండి అందుకొని లోపలికి చేరవేయడం దీని పని. ఆ సందేశం మోసుకువచ్చే పదార్థాన్ని కనుగొన్నందుకు స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ పురస్కారం లభించింది. గొంతు క్యాన్సర్లలో నూటికి తొంభైకి పైగా కణితులలో ఈ ఈజీఎఫ్‌ఆర్ మితిమీరి కనిపిస్తుంది. నివేదికలో కనిపించే మరో పేరు కేఐ-67. ఎన్ని కణాలు విభజన పనిలో ఉన్నాయో ఇది చెబుతుంది. 1983లో దీన్ని గుర్తించిన జర్మనీ నగరం కీల్ పేరులోని అక్షరాలే ఇందులో నిలిచాయి.

నాలుగవ పేరు పి16. దీని విషయంలో కుటుంబాలు ప్రత్యేకంగా జాగ్రత్త వహించాలి. టాన్సిల్స్, నాలుక మొదలు భాగాల క్యాన్సర్లలో కొన్నింటికి హ్యూమన్ పాపిలోమా వైరస్ కారణం. ఇదే వైరస్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమని నిరూపించిన హరాల్డ్ జుర్ హౌసెన్ 2008లో నోబెల్ అందుకున్నారు. వైరస్ తయారుచేసే ఇ6 అనే ప్రోటీన్ పి53ని నాశనం చేయిస్తుంది. ఇ7 అనేది కణవిభజనకు కళ్ళెం వేసే మరో ప్రోటీన్‌ను పనిచేయనీయదు. ఈ గందరగోళంలో పి16 కణంలో విపరీతంగా పెరిగిపోతుంది. అందుకే గొంతు నడిమి భాగపు కణితిలో పి16 గట్టిగా కనిపిస్తే దాని వెనుక వైరస్ ఉన్నదని భావిస్తారు. ఇటువంటి కణితులు చికిత్సకు మెరుగ్గా లొంగుతాయి. కాబట్టే ప్రస్తుత అంతర్జాతీయ విధానంలో వీటి దశలను విడిగా లెక్కిస్తున్నారు.

అయితే ‘పి16 పాజిటివ్’ అనే మాట ఎవరి శీలానికీ సాక్ష్యపత్రం కాదు. ఈ వైరస్ లోకంలో అత్యంత సాధారణమైనది. దాంపత్య జీవితంలోనే ఒకరి నుండి ఒకరికి చేరవచ్చు. సోకినవారిలో అత్యధికుల శరీరం దాన్ని తానే వదిలించుకుంటుంది. కొద్దిమందిలో అది దశాబ్దాల తరబడి దాగి ఉంటుంది. ఎప్పుడు, ఎలా వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. ఈ ఒక్క పదాన్ని పట్టుకొని రోగి మీద అనుమానం పెంచుకోవడం అతని వ్యాధికి మరో బాధను జోడించడమే. మన దేశంలో గొంతు క్యాన్సర్‌కు నేటికీ ప్రధాన కారణం పొగాకే.

ఇక వ్యాధి పాకడం సంగతి. గొంతు లోపలి పొరలోని కణాలు గోడలో ఇటుకలవలె ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. వాటిని పట్టి ఉంచే సున్నం వంటిది ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్. కణితి ముదిరే కొద్దీ కొన్ని కణాలు దీన్ని తయారుచేయడం తగ్గిస్తాయి. పట్టు సడలిన కణం ఆకారం మార్చుకొని కదలడం మొదలుపెడుతుంది. తరువాత అది కింది పొరలను కరిగించే ఎంజైములను విడుదల చేసి దారి చేసుకుంటుంది. వీఈజీఎఫ్ కుటుంబానికి చెందిన ప్రోటీన్లను వెదజల్లి కొత్త రక్తనాళాలనూ, శోషరస నాళాలనూ తనవైపు రప్పించుకుంటుంది. ఆ నాళాల గుండా మెడలోని శోషరస గ్రంథులకు చేరుతుంది. మెడ మీద నొప్పి లేని గడ్డగా మన చేతికి తగిలేది అదే.

ఈ ఏర్పాటంతా కణితి లోపల నెలల తరబడి సాగే పని. చిన్న ముక్క తీసినంత మాత్రాన కణాలకు ఈ శక్తులు రావు. ముక్క తీయకపోతే ఈ శక్తులు ఆగవు. ఒక జాగ్రత్త మాత్రం వైద్యులే పాటిస్తారు. మెడ గడ్డను తొందరపడి కోయరు. ముందు సన్నని సూదితో కొద్ది కణాలు తీసి చూస్తారు, గొంతులో మూలం ఎక్కడుందో వెదుకుతారు. కాబట్టి ఈ పరీక్షను అనుభవమున్న నిపుణుని చేత చేయించడం ముఖ్యం. అసలే వద్దనడం ప్రమాదం.

సూచికల వలన చికిత్సకూ మేలు జరిగింది. ఈజీఎఫ్‌ఆర్‌ను అడ్డగించే సెటుక్సిమాబ్ అనే మందు 2006 నుండి తల, మెడ క్యాన్సర్ల చికిత్సలో ఉంది. పీడీ-ఎల్1 అనే మరో ప్రోటీన్‌ను కణితి కవచంగా ధరించి, శరీర రక్షక కణాలను తన మీదికి రాకుండా ఆపుతుంది. ఆ అడ్డును తొలగించే మార్గానికి పునాది వేసిన తసుకు హోంజోకు 2018లో జేమ్స్ అలిసన్‌తో పాటు నోబెల్ లభించింది. ఈ మందులు చాలా ఖరీదైనవి. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు, ముదిరిన తల, మెడ క్యాన్సర్ ఉన్న 151 మందిపై జరిపిన అధ్యయనాన్ని 2022లో వెల్లడించారు. సాధారణ మోతాదులో పదవ వంతు కన్నా తక్కువగా, మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను కొందరికి ఇతర మందులతో కలిపి ఇచ్చారు. ఏడాది తరువాత జీవించి ఉన్నవారు, ఈ మందు లేనివారిలో నూటికి 16 మంది కాగా, ఇచ్చినవారిలో నూటికి 43 మంది. పేద కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

ఇంతటి జ్ఞానం ఉన్నా ఒక హద్దును మరువరాదు. స్వరపేటిక, గొంతు నడిమి భాగాల క్యాన్సర్‌ను బయాప్సీకి బదులుగా నిర్ధారించగల రక్తపరీక్ష ఏదీ లేదు. ‘క్యాన్సర్ మార్కర్ల ప్యాకేజీ’ అని అమ్మే పరీక్షలో అంతా బాగుందని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. అలాగే ఒక్క సూచికను చూసి రోగి భవిష్యత్తు తేల్చరాదు. ఈజీఎఫ్‌ఆర్ ఎక్కువగా ఉన్నవారందరికీ దాని మందు పనిచేయడం లేదు. న్యాయమూర్తి సాక్షులందరినీ విని తీర్పు చెప్పినట్టే, వైద్యుడు కణితి ఉన్న చోటు, దశ, స్కాన్, రోగి బలం అన్నీ కలిపి చూస్తాడు.

స్వరతంత్రులలో శోషరస నాళాలు బహు తక్కువ. అందువలన అక్కడ పుట్టిన వ్యాధి ఆలస్యంగా పాకుతుంది, పైగా గొంతు బొంగురుపోయి ముందే హెచ్చరిస్తుంది. ఆ తొలి దశలో రేడియేషన్ లేక లేజర్ చికిత్సతో పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి నయమవుతుంది. తరచుగా స్వరం కూడా దక్కుతుంది. పాఠాలు చెప్పేవారు, అజాన్ పలికేవారు, సంతలో కేకలు వేసి సరుకు అమ్మేవారు బొంగురును వృత్తిలో మామూలేనని తోసివేస్తుంటారు. మూడు వారాలు దాటిన బొంగురు, మింగేటప్పుడు అడ్డు, ఒక పక్క చెవిపోటు, మెడ మీద తగ్గని గడ్డ - వీటిలో ఏది ఉన్నా చెవి, ముక్కు, గొంతు నిపుణుని కలవాలి. హైదరాబాద్‌లో 1955లో స్థాపితమైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిదే. అక్కడికి వెళ్ళేవారు పాత నివేదికలన్నీ వెంట తీసుకువెళ్ళాలి. నివేదికలోని ప్రతి పేరుకూ అర్థమేమిటని, దాని వలన చికిత్స ఏమైనా మారుతుందా అని వైద్యుని అడగాలి. అలా అడగడం రోగి హక్కు. ముక్క తీయనివ్వడం ఆ సమాధానానికి మొదటి మెట్టు.