కొండసంతలో దూరదేశపు చుట్టాలు

పిల్లలూ! విశాఖపట్నం సముద్రం ఒడ్డున ఉన్న సంపన్న నగరం. అక్కడి పెద్ద హోటళ్ళలో మొక్కజొన్న సూపూ, రాజ్మా కూరా, మెక్సికో దేశపు రొట్టెలూ దొరుకుతున్నవి. వాటిలో పడే గింజలు ఎక్కడివని అడిగితే చాలామంది బజారు పేరు చెబుతారు. కాని, అందులో కొంత సరుకు అరకు కొండలు దిగి వచ్చినదే. ఆ కొండలకు అది చేరిన కథ ఇంకా పెద్దది.

అరకులోయ విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరాన, తూర్పు కనుమలలో, 3,000 అడుగుల ఎత్తున ఉంది. సంతరోజున చుట్టుపక్కల గూడేల నుంచి గిరిజనులు గంపలతోనూ, మూటలతోనూ వస్తారు. ఆ గంపల్లోకి తొంగి చూడండి. మొక్కజొన్న, రాజ్మా, మిరప, టొమాటో, తియ్యగుమ్మడి, అనాస, సీతాఫలం! వీటన్నిటి పుట్టినిల్లు అమెరికా ఖండం. సీతమ్మ పేరు పెట్టుకున్న పండు కూడానా అంటారేమో. అవును, అదీ అక్కడిదే. అనాస అనే పేరయితే బ్రెజిల్ అడవుల్లోని టుపీ జాతివారి మాట నుంచి పుట్టి, పోర్చుగీసువారి నోట మన దాకా వచ్చింది.

ఆ దేశాలను ఇప్పుడు లాటిన్ అమెరికా అంటారు. 1492లో కొలంబస్ అక్కడికి చేరిన తరువాత స్పెయిన్, పోర్చుగల్ దేశాలవారు ఆ నేలను ఆక్రమించారు. వారి భాషలు ప్రాచీనమైన లాటిన్‌కు బిడ్డలు. అందుకే ఆ పేరు. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకున్నారు. వారి ఓడల్లోనే మిరప మన తీరానికి వచ్చింది. అంతకు ముందు మన కూరల్లో కారమంటే మిరియాలే. ఈ ఓడల వర్తకంతో లిస్బన్ రేవు ధనరాశులతో తులతూగింది.

అయితే విత్తనం ప్రయాణం చేసింది గాని, దాని వెంట విద్య రాలేదు. మెక్సికో రైతులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే మడిలో వేస్తారు. మొక్కజొన్న కర్రను పట్టుకుని చిక్కుడు పాకుతుంది. గుమ్మడి ఆకులు నేలను కప్పి తడి ఆరకుండా కాపాడుతవి. ఇక వంట సంగతి. మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడకబెట్టి, కడిగి, నూరి రొట్టెలు కాలుస్తారు. సున్నం వల్ల గింజలో ఒంటికి పట్టకుండా దాగి ఉన్న నయాసిన్ అనే విటమిన్ విడివడుతుంది.

ఐరోపావారు గింజలు పట్టుకుపోయారు. సున్నం సంగతి పట్టించుకోలేదు. ఇటలీ, స్పెయిన్‌లలో మొక్కజొన్నతోనే కడుపు నింపుకున్న బీదవారికి పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. చర్మం పొక్కిపోయి, మతి చెడి, ఎందరో చనిపోయారు. పళ్ళెంలో మాంసమూ, పాలూ ఉన్న ధనవంతుల జోలికి ఆ జబ్బు పోలేదు.

మన కొండవారికి చోడి అంబలి, సామల అన్నం, కందులు, ఆకుకూరలు ఉన్నవి. ఇవి పక్కన ఉన్నంతకాలం మొక్కజొన్న వల్ల భయం లేదు. అమ్మితే డబ్బు వచ్చే పంట కోసం చోళ్ళనూ, సామలనూ మానుకుంటేనే చిక్కు.

రాజ్మా పండించేది ముఖ్యంగా అమ్మకానికే. అది బస్తాల కెక్కి కనుమ దిగిపోతుంది. దళారుల తూకాల్లో గిరిజనులు నష్టపోకుండా కొనుగోళ్ళు చేయడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. దాని పెద్ద కార్యాలయం విశాఖపట్నంలోనే ఉంది.

ఈ కొండల్లో పండే జాఫ్రా గింజ కూడా లాటిన్ అమెరికాదే. తడి చేత్తో నలిపితే అరచెయ్యి ఎర్రనవుతుంది. అమెజాన్ అడవివాసులు ఆ రంగును పండుగలకు ఒంటికి పూసుకుంటారు. నగరాల్లో దాన్ని వెన్నకూ, జున్నుకూ పచ్చని రంగు రావడానికి కలుపుతారు.