మొదటి అక్షరం గీత అయితే

క్లాసులో ఒకమ్మాయి లేచి అడిగింది: “సార్, ఇంటి దగ్గర నడిచిన ప్రోగ్రామే ల్యాబులో ఫైలు దొరకలేదంటోంది. ప్రోగ్రాము పక్కనే ఉంది కదా ఫైలు!”

పక్కనే ఉంది, నిజమే. కాని ఫైలును వెతకడం మొదలుపెట్టే చోటు ప్రోగ్రాము ఉన్న చోటే కానక్కర్లేదు.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో పీడీపీ-7 కంప్యూటరు మీద మొదలుపెట్టిన యూనిక్స్‌లో అసలు పాత్, అంటే ఫైలుకు దారి, అనేదే లేదు. ఒట్టి పేరు ఇవ్వాలి, దాన్ని ప్రస్తుత డైరెక్టరీలోనే వెతికేది. బెల్ ల్యాబ్స్ వదిలేసిన ఆపరేటింగ్ సిస్టమ్ మల్టిక్స్‌లో మాత్రం > గుర్తుతో దారంతా రాసే వీలుండేది. పీడీపీ-11కి మారాక యూనిక్స్ ఆ లోటును / గీతతో తీర్చుకుంది.

ఆ గీత వెనకున్న యుక్తి నాకెంతో ఇష్టం. కెర్నెల్ ముందుగా చూసేది మొదటి అక్షరాన్ని. అది / అయితే వెతకడం అన్నిటికీ పైనున్న డైరెక్టరీ, అంటే రూట్ నుంచి. కాకపోతే, ఆ ప్రాసెస్ ప్రస్తుత డైరెక్టరీ నుంచి. తేడా అంతే! డైరెక్టరీ అంటే పేర్లూ, వాటి ఎదుట ఐనోడ్ (ఫైలు వివరాల నమోదు) నంబర్లూ ఉన్న పట్టిక. పేరు చూడటం, నంబరు తీసుకోవడం, ఆ ఐనోడ్ తెరిచి తర్వాతి పేరు చూడటం. పైకి పోవడానికి రాసే .. కూడా ఆ పట్టికలో ఒక పేరే. రూట్‌లో అది రూట్‌నే చూపిస్తుంది కనుక ఎన్నిసార్లు రాసినా అంతకు పైకి పోలేం.

ఈ ప్రస్తుత డైరెక్టరీ ఒక్కో ప్రాసెస్‌కు ఒక్కోటి. పీడీపీ-7 రోజుల్లోనే, ప్రతి ఆదేశానికీ కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ఫోర్క్‌ను చేర్చగానే డైరెక్టరీ మార్చే ఆదేశం పనిచేయడం మానేసింది. తెగ వెతికాక తెలిసింది: అది సరిగ్గానే మారుస్తోంది, కాని తన సొంత ప్రాసెస్‌కు మాత్రమే; మరుక్షణం ఆ ప్రాసెసే ముగిసిపోతోంది. చివరికి ఆ ఆదేశాన్ని షెల్ లోపలే పెట్టారు. రిచీ స్వయంగా రాసిన ఈ సంగతిలోనే ఆ అమ్మాయికి జవాబుంది. ల్యాబులో ప్రోగ్రామును వేరే డైరెక్టరీలో నిలబడి నడిపింది.

తర్వాత 1983లో డాస్ 2.0 వెనక్కి వాలిన గీతను ఎంచుకుంది, ముందుకు వాలినదాన్ని అప్పటికే ఆదేశాల ఆప్షన్లకు వాడేశారు కనుక. వెబ్ మళ్లీ యూనిక్స్ గీతనే తీసుకుంది.

డేటా పట్టికలను వర్ణించే ఫైళ్లకూ ఇదే చిక్కు. ఫ్రిక్షన్‌లెస్ డేటా నిర్దేశం దీన్ని ముచ్చటగా తేల్చింది. పట్టిక పాత్‌ను వర్ణన ఫైలు ఉన్న డైరెక్టరీ నుంచే లెక్కించాలి, ఎక్కడ నిలబడి నడిపినా సరే. ‘డేటా/వానలు’ అని రాయొచ్చు. గీతతో మొదలయ్యే పాత్, .. తో పైకెక్కే పాత్ మాత్రం నిషేధం. ఎవరో పంపిన పట్టికల ప్యాకేజీ మన సర్వర్‌లోని రహస్య ఫైలును పట్టిక పేరుతో చదివించే ప్రమాదం అలా తప్పుతుంది. నా దృష్టిలో ఆ నిర్దేశంలోకెల్లా విలువైన నియమం ఇదే.

మీ పట్టికను ఇంకొకరికి పంపే ముందు ఆ ఫోల్డరును వేరే చోటికి జరిపి ఒకసారి నడిపి చూడండి.